వృద్ధుల్లో ఒంటరితనం – యునాని ఏం చెబుతుంది?

మీ ఇంట్లో అరవై దాటిన తల్లిగానీ తండ్రిగానీ ఉన్నారా? వారు ఈమధ్య తిండి తగ్గించి, రాత్రిళ్లు నిద్రపట్టక, పగలంతా గోడవైపు తిరిగి పడుకుంటున్నారా? "వయసు మీదపడింది, ఇంకేముంటుంది" అని ఊరుకోకండి. బలానికి మందు అడిగే ముందు ఒక్క ప్రశ్న వేసుకోండి: ఈ వారంలో ఆ మనిషితో ఇంట్లోవాళ్లు కాక ఇంకెవరైనా పది నిమిషాలు మాట్లాడారా?

యునాని వైద్యంలో ఆరోగ్యానికి ఆరు అవసరాలు చెప్పారు. వాటిని అస్బాబె సిత్తా జరూరియా అంటారు. గాలి, తిండీ నీరూ, శరీరపు కదలిక–విశ్రాంతి, మనసు కదలిక–విశ్రాంతి, నిద్రా మెలకువా, శరీరంలో నిలవాల్సినవి నిలవడం–పోవాల్సినవి పోవడం. ఇందులో నాలుగోదాన్నే మనం మరచిపోతాం. ఇబ్న్ సీనా (980–1037) గుండె మందుల మీద విడిగా ఒక గ్రంథం రాసి, అందులో సంతోషం, దిగులు గురించి చర్చించాడు. సంతోషం మనిషిలోని రూహ్‌ను మెల్లగా బయటివైపు నడిపిస్తుంది, దిగులు దాన్ని మెల్లగా లోపలికి లాగుతుంది అని ఆయన భావన. ముసలితనపు మిజాజ్ చల్లన, పొడి. దిగులును పెంచే సౌదా స్వభావం కూడా అదే. అందుకే యువకుడు నాలుగు రోజుల్లో తేరుకునే దిగులు ముసలివారిలో తిష్ఠవేస్తుంది.

ఇవాళ్టి వైద్యులూ వేరే దారిలో ఇక్కడికే వచ్చారు. 2010లో 148 అధ్యయనాలను, 3 లక్షలకు పైగా మనుషుల వివరాలను కలిపి చూస్తే, నలుగురితో మంచి సంబంధాలు ఉన్నవారు బతికి ఉండే అవకాశం 50 శాతం ఎక్కువని తేలింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2025 జూన్‌లో ఇచ్చిన నివేదిక ప్రకారం ప్రపంచంలో ప్రతి ఆరుగురిలో ఒకరు ఒంటరితనంతో బాధపడుతున్నారు.

ఇక మన భివండి సంగతి. ఇక్కడి ముసలివారి ఒంటరితనానికి ఒక ప్రత్యేక కారణం ఉంది, దాన్ని ఎవరూ పట్టించుకోరు. అది చెవి. సాంచాల మధ్య చప్పుడు 90 డెసిబెల్స్ దాటుతుంది. పన్నెండు గంటల షిఫ్టులో ముప్పై నలభై ఏళ్లు నిలబడ్డ మనిషికి వినికిడి తగ్గకుండా ఉంటుందా? పనిలో ఉన్నన్నాళ్లూ సైగలతో, పెదవులు చూసి గడిపేస్తాడు. ఇంట్లో కూర్చున్నాక నలుగురూ ఒకేసారి మాట్లాడితే ఏమీ అర్థంకాదు. రెండుమూడుసార్లు "ఆఁ? ఏంటీ?" అని అడిగి, పిల్లలు విసుక్కోగానే ఇక అడగడం మానేస్తాడు. దాన్ని మనం మొండితనం అంటాం. ముందు చెవి పరీక్ష చేయించండి. చెవిలో గులిమి గట్టిపడిందేమో కూడా డాక్టరే చూడాలి, ఇంట్లో పుల్లలు పెట్టి తిప్పకండి.

ఆడవారి కష్టం ఇంకొకటి. కండెలు చుట్టి సంసారం ఈదిన అవ్వకు తెలుగు తప్ప రాదు. మనవలకు హిందీ, మరాఠీ తప్ప రావు. ఒకే గదిలో ఉండి ఇద్దరూ దూరమే.

ఇటువంటివారికి పద్మనగర్‌లో మనవాళ్లు ఆడే బతుకమ్మ మంచి మందు. తొమ్మిది రోజులపాటు సాయంత్రం పూట వలయంగా తిరుగుతూ, వంగుతూ, చప్పట్లు కొట్టడం వయసుకు తగిన రియాజత్, అంటే వ్యాయామం. పాట పాడితే ఊపిరి సాగుతుంది. అన్నిటికన్నా ముఖ్యం, అక్కడ ఆ పాటలు పూర్తిగా వచ్చింది ఆ అవ్వకే. కోడళ్లు, మనవరాళ్లు ఆమె నోటివైపు చూడాలి. మోకాళ్లు నొస్తే కుర్చీవేసి మధ్యలో కూర్చోబెట్టండి, పూలు పేర్చే పని ఇవ్వండి. తంగేడు దొరకకపోతే బంతి, చామంతి చాలు.

అయితే ఈమధ్య పాటల బదులు డీజే పెడుతున్నారు. ఆ పెట్టెల పక్కన సాంచాల చెవి ఉన్న ముసలాయన ఎంతసేపు కూర్చోగలడు? జంధ్యాల పౌర్ణమి అయినా, మార్కండేయుడి పూజ అయినా ఇదే మాట. (మార్కండేయుడికి ఎప్పటికీ పదహారేళ్లే. ఆయన కులంవారికి ఆ వరం లేదు మరి.) శాలువా కప్పి సన్మానం చేసి పంపేస్తే కూడా పెద్దగా ఫలితం ఉండదు. లెక్కలు చూడడం, ప్రసాదం పంచడం, పిల్లలకు తెలుగు అక్షరాలు దిద్దించడం వంటి పని అప్పగించండి. పండుగ ఏడాదికి ఒకసారే వస్తుంది కాబట్టి వారానికి ఒకరోజు గుడిలోనో, సంఘం హాలులోనో పదిమంది కూర్చునే ఏర్పాటు ఉండాలి. చాయ్ ఖర్చు తప్ప దీనికేం కావాలి?

వెళ్లే రోజు నువ్వుల నూనె గోరువెచ్చగా చేసి కాళ్లకు, వీపుకు మృదువుగా మర్దన చేయండి. యునానిలో దీన్ని దల్క్ అంటారు. తరువాత వేడినీళ్ల స్నానం, తేలిక భోజనం. రాత్రి పొద్దుపోయే కార్యక్రమాలకు తీసుకెళ్లి నిద్ర చెడగొట్టవద్దు.

మందుల మాట కూడా చెప్పాలి. ఖమీరా అబ్రేషం గుండెకు, మనసుకు బలమిచ్చేదిగా హకీములు వాడుతారు. అబ్రేషం అంటే పట్టుపురుగు గూడు. కానీ ఖమీరాలో చక్కెర పాకం ఉంటుంది, షుగర్ ఉన్నవారు హకీంను అడగకుండా ముట్టవద్దు. బీపీ, షుగర్ మాత్రలు మానవద్దు. రెండు వారాలకు మించి తిండి, మాట రెండూ తగ్గినా, "నేనెందుకు బతికున్నానో" అన్నా ఏ ఖమీరా కోసమూ ఆగకుండా డాక్టరు దగ్గరకు తీసుకెళ్లండి. వృద్ధుల కోసం 14567 నంబరుతో కేంద్ర ప్రభుత్వపు ఎల్డర్ లైన్ 2021 నుంచి ఉంది, ఫోనుకు ఖర్చులేదు. పెద్దవారికి వినబడకపోతే వారి తరపున మీరే చేయవచ్చు.