శంషాబాద్‌–మామునూరు మధ్య 145 కి.మీ.. మూడు జిల్లాల వారికి కలిసొచ్చేదెంత?

వరంగల్‌ మామునూరు విమానాశ్రయ అభివృద్ధికి కేంద్ర పౌర విమానయాన శాఖ 2025 ఫిబ్రవరి 28న ఆమోదం తెలిపింది. ఇక్కడి నుంచి విమానాలు ఎగిరితే జనగామ, మహబూబాబాద్‌, భూపాలపల్లి వాసులకు ఎంత దూరం తగ్గుతుంది? టికెట్‌పై కనిపించే సమయానికి, ఇంటి నుంచి పట్టే సమయానికి తేడా ఏంటి?

గగనతల దూరం అంటే?

రెండు విమానాశ్రయాల మధ్య మలుపుల్లేకుండా నేరుగా కొలిచే అతి తక్కువ దూరమే గగనతల దూరం. ఈ లెక్కన శంషాబాద్‌–మామునూరు మధ్య ఉన్నది సుమారు 145 కి.మీ.

మరి ఇన్నాళ్లూ అడ్డేమిటి?

ఆ దూరమే. శంషాబాద్‌ విమానాశ్రయ సంస్థతో కేంద్రం 2004లో ఒప్పందం చేసుకుంది. దాని ప్రకారం 150 కి.మీ. గగనతల దూరంలోపు 25 ఏళ్లపాటు మరో విమానాశ్రయాన్ని అభివృద్ధి చేయకూడదు. శంషాబాద్‌ 2008 మార్చిలో మొదలైంది కాబట్టి ఈ షరతు 2033 వరకు వర్తిస్తుంది. నిజాం కాలంలో, 1930లో కట్టిన మామునూరు కేవలం ఐదు కిలోమీటర్ల తేడాతో ఈ పరిధిలో చిక్కుకుంది. జీఎంఆర్‌ నిరభ్యంతర పత్రం ఇవ్వడంతో చిక్కుముడి వీడింది.

ఎవరికి ఎంత దగ్గర?

నేరుగా కొలిస్తే దూరాలు సుమారుగా ఇలా ఉంటాయి.

* జనగామ: శంషాబాద్‌కు 96 కి.మీ., మామునూరుకు 50 కి.మీ.
* మహబూబాబాద్‌: శంషాబాద్‌కు 171 కి.మీ., మామునూరుకు 55 కి.మీ.
* భూపాలపల్లి: శంషాబాద్‌కు 201 కి.మీ., మామునూరుకు 63 కి.మీ.

రోడ్డు మార్గంలో ఇవి ఇంకా పెరుగుతాయి. ఎక్కువ లాభం భూపాలపల్లి, మహబూబాబాద్‌ వారికే. జనగామ వాసులకు మాత్రం వెళ్లాల్సిన ఊరికి ఎక్కడి నుంచి విమానం ఉందన్నదే ముఖ్యం.

టికెట్‌పై ఉండే సమయం ఏది?

విమానం పార్కింగ్‌ స్థానం నుంచి కదిలినప్పటి నుంచి గమ్యంలో ఆగే వరకు పట్టే సమయం అది. రన్‌వేకు చేరడం, పైకి లేవడం, దిగడం అన్నీ ఇందులోనే ఉంటాయి. అందుకే దూరాన్ని వేగంతో భాగిస్తే సరైన సమయం రాదు. ఏటీఆర్‌ విమానం గంటకు సుమారు 500 కి.మీ. వేగంతో వెళ్తుంది. మామునూరు నుంచి తిరుపతికి గగనతల దూరం సుమారు 475 కి.మీ. అయినా ప్రయాణానికి గంటకు పైనే పడుతుంది.

దేశీయ విమానాలకు చెక్‌ఇన్‌ కౌంటర్లు సాధారణంగా గంట ముందే మూసేస్తారు. భూపాలపల్లి నుంచి శంషాబాద్‌ వెళ్లి ఢిల్లీ విమానం ఎక్కేవారికి, గాల్లో గడిపే రెండు గంటల పైచిలుకు కంటే నేల మీద గడిపేదే ఎక్కువ.

ఎప్పటికి?

ఆమోదం వచ్చినంత మాత్రాన విమానాలు మొదలవవు. అదనపు భూమి, రన్‌వే విస్తరణ, టెర్మినల్‌, లైసెన్సు పూర్తయ్యాక విమానయాన సంస్థలు ముందుకు రావాలి. మూడు జిల్లాల వారికి సమయం నిజంగా ఆదా కావాలంటే మామునూరు నుంచి కోరుకున్న ఊరికి నేరుగా విమానం ఉండాలి, విమానాశ్రయానికి సకాలంలో చేర్చే బస్సు కూడా ఉండాలి.