జెండా మోసేదొకరు, వేదికనెక్కేదొకరు

సమానత్వం కోసం సాగే ఉద్యమాలు తమలో తాము దానిని ఎంతవరకు పాటిస్తున్నాయన్న ప్రశ్న భారత కార్మికోద్యమానికి కొత్తది కాదు. ఊరేగింపులో జెండా మోసేవారు ఒక వర్గంవారు కావడం, వేదికపై ప్రసంగించి ఒప్పందాలపై సంతకాలు చేసేవారు మరొక వర్గంవారు కావడం దశాబ్దాలుగా కనిపిస్తున్నదే. దీనిని నాయకుల వ్యక్తిగత నిజాయితీకి సంబంధించిన విషయంగా మాత్రమే చూస్తే అసలు సమస్య మరుగున పడుతుంది. సంఘం ఎవరిని కార్మికులుగా గుర్తిస్తుంది, ఎవరి బాధను కోర్కెల పత్రంలో చేరుస్తుంది, కష్టకాలంలో ఎవరి పక్షాన నిలుస్తుంది అన్నవే ఇక్కడ తేలవలసిన అంశాలు. అహ్మదాబాదు నగర చరిత్ర ఇందుకు చక్కని ఉదాహరణ.

కార్మికవాడలో నిష్ఠూరం

1918లో ప్లేగు బోనస్ రద్దుతో తలెత్తిన వివాదంలో అక్కడి జౌళి మిల్లుల కార్మికులు 35 శాతం వేతన పెంపు కోరారు. 20 శాతానికి మించి ఇచ్చేది లేదని యజమానులు భీష్మించారు. కార్మికుల పక్షాన గాంధీజీతోపాటు అనసూయా సారాభాయి నిలిచారు. యజమానులలో ప్రముఖుడైన అంబాలాల్ సారాభాయి ఆమెకు స్వయానా సోదరుడు. లాకౌట్ వారాల తరబడి సాగి ఇళ్లలో పొయ్యి రాజని పరిస్థితి ఏర్పడింది. సభకు రమ్మని పిలవడానికి వెళ్లిన గాంధీజీ అనుచరునితో కార్మికులు నిష్ఠూరమాడారు. నాయకులు కారులో వచ్చిపోతారని, వారికి తిండికి లోటు లేదని, చావుబతుకుల బాధ తమదేనని వారి మాటల సారాంశం.

ఆ మాటలను గాంధీజీ తోసిపుచ్చలేదు. మార్చి 15న నిరాహారదీక్ష చేపట్టారు. మూడు రోజులకు వివాదం మధ్యవర్తికి చేరింది, చివరకు 35 శాతం పెంపు దక్కింది. అయితే కార్మికుని ఆకలిని నాయకుడు పంచుకోవడం ఒక ఎత్తు, నిర్ణయాధికారాన్ని కార్మికునితో పంచుకోవడం మరొక ఎత్తు. 1920లో ఏర్పడిన మజూర్ మహాజన్ సంఘం దేశంలోనే పేరెన్నికగన్నదైనా, దాని పగ్గాలు చిరకాలం విద్యావంతులైన బయటివారి చేతులలోనే ఉన్నాయి. తరువాతి కాలంలో తాత్కాలిక ప్రధానిగా పనిచేసిన గుల్జారీలాల్ నందా 1922 నుంచి 1946 వరకు దానికి కార్యదర్శిగా ఉన్నారు.

చట్టం కూడా ఈ పద్ధతికి చోటిచ్చింది. 1926 నాటి కార్మిక సంఘాల చట్టం ప్రకారం కార్యవర్గంలో సగంమంది వరకు ఆ పరిశ్రమతో సంబంధం లేనివారు ఉండే వీలుండేది. సంఘటిత రంగంలో ఈ పరిమితిని మూడోవంతు లేదా ఐదుగురు, ఏది తక్కువైతే అంతకు కుదించినది 2001 నాటి సవరణే. నిరక్షరాస్యులైన కార్మికులకు కోర్టు వ్యవహారాలు, ఆంగ్లంలోని ఉత్తర్వులు తెలిసినవారి సాయం అవసరమైన మాట వాస్తవమే. కానీ సాయానికి వచ్చినవారు శాశ్వత ప్రతినిధులుగా స్థిరపడిపోవడం అనేక సంఘాలలో జరిగింది.

నేత విభాగం తలుపులు

కార్మికులలోని అంతరాల మాటేమిటన్న ప్రశ్న 1928 బొంబాయి జౌళి సమ్మెలో తలెత్తింది. ఎక్కువ కూలి లభించే నేత విభాగంలోకి దళితులకు ప్రవేశం లేదు. తెగిన దారాన్ని నోటితో తడపవలసి వస్తుందన్నదే అందుకు చెప్పిన కారణం. ఈ కట్టడిని విధించినవారు యజమానులు మాత్రమే కాదు, తోటి కార్మికులు కూడా. సమ్మె కోర్కెలలో దీని తొలగింపును చేర్చాలని డాక్టర్ అంబేద్కర్ పట్టుబట్టారు. వామపక్ష నాయకత్వం తటపటాయించి గాని అంగీకరించలేదు. కార్మికులంతా ఒక్కటేనన్న నినాదం కింద ఎవరి బాధ అణగిపోతున్నదో ఆ సంఘటన తేటతెల్లం చేసింది.

యజమాని లేని కార్మికులు

అహ్మదాబాదులోనే 1972లో మజూర్ మహాజన్ మహిళా విభాగం నుంచి ‘సేవా’ సంఘం పుట్టింది. బట్టల మూటలు మోసేవారు, కూరగాయలు అమ్ముకునేవారు, ఇంటివద్ద కుట్టుపని చేసేవారు ఇందులో సభ్యులు. బేరమాడటానికి యజమానే లేనప్పుడు సంఘమెందుకని అధికారులు నమోదుకు అభ్యంతరం చెప్పారు. సంఘం ఎవరికో వ్యతిరేకంగానే ఉండనక్కరలేదని, కార్మికుల ఐక్యత కోసం ఉంటుందని ఇలాబెన్ భట్ వాదించి ఒప్పించారు. 1974లో సుమారు 4,000 మంది మహిళలు తలా పది రూపాయల వాటాతో సొంత బ్యాంకు స్థాపించుకున్నారు.

1981లో వైద్య విద్యలో దళితుల రిజర్వేషన్లకు వ్యతిరేకంగా గుజరాత్‌లో హింస చెలరేగింది. సేవా సభ్యులలో దళిత మహిళలు అనేకులు. ఇలాబెన్ బాహాటంగా వారి పక్షాన నిలవగా, మౌనం పాటించదలచిన మాతృసంస్థ సేవాను బయటకు పంపివేసింది. తదనంతర పరిణామాలు గమనార్హం. ఆ దశాబ్దంలోనే మిల్లులు వరుసగా మూతపడి, మజూర్ మహాజన్ పూర్వ వైభవం కోల్పోయింది. సేవా సభ్యత్వం 20 లక్షలు దాటింది.

ఛత్తీస్‌గఢ్‌లోని దల్లీ రాజహరా ఇనుప గనుల కథా ఇటువంటిదే. గుర్తింపు పొందిన సంఘాలు భిలాయి ఉక్కు కర్మాగారపు పర్మనెంటు ఉద్యోగులను పట్టించుకున్నంతగా తమను పట్టించుకోవడం లేదని 1977లో కాంట్రాక్టు కార్మికులు వాటినుంచి వైదొలిగారు. శంకర్ గుహ నియోగి నాయకత్వంలో సొంత సంఘం పెట్టుకున్నారు. ఆ ఏడాది జూన్‌లో జరిగిన పోలీసు కాల్పులలో 11 మంది మరణించారు. వారి స్మృతికి చిహ్నంగా 1983లో కార్మికులే ‘షహీద్’ ఆసుపత్రిని నెలకొల్పుకున్నారు.

మార్గమేమిటి?

మధ్యతరగతివారు ఉద్యమాలకు దూరంగా ఉండాలన్నది దీని సారాంశం కాదు. ఇలాబెన్ స్వయంగా న్యాయశాస్త్రం చదివిన మధ్యతరగతి మహిళ. రాజస్థాన్‌లో 1990లో మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్‌ను ప్రారంభించినవారిలో అరుణా రాయ్ ఐఏఎస్ ఉద్యోగం వదులుకుని వచ్చినవారు. అయితే ఆ సంఘటన్ కొన్ని కట్టుబాట్లు పెట్టుకుంది. పూర్తికాలం కార్యకర్తలు కనీస కూలికి సమానమైన భృతి మాత్రమే తీసుకుంటారు. 1994లో మొదలైన బహిరంగ విచారణలలో మస్టరు రోల్స్‌ను అందరి ఎదుట చదివి వినిపించగా, తప్పుడు లెక్కలను ఎత్తిచూపినవారు ఆ కూలీలే. 2005 సమాచార హక్కు చట్టానికి పునాది పడినది ఆ సభలలోనే.

అసంఘటిత రంగంపై కేంద్రం నియమించిన అర్జున్ సేన్‌గుప్తా కమిషన్ లెక్క ప్రకారం 2004-05లో దేశంలోని శ్రామికులలో దాదాపు 92 శాతం మందికి ఉద్యోగ భద్రతగాని, సామాజిక రక్షణగాని లేదు. సంఘాల కార్యవర్గాలలో ఇటువంటివారు ఎందరున్నారన్నదే ఉద్యమాల ప్రాతినిధ్యానికి అసలు కొలమానం. కోర్కెల పత్రం రాసేటప్పుడు వారికి చోటు లేకపోతే, ఒప్పందం కుదిరే వేళకు వారి వాటా మిగలదని అహ్మదాబాదు, బొంబాయి, దల్లీ రాజహరా అనుభవాలు చాటుతున్నాయి.