37 గడుల చక్రం

రౌలెట్ చక్రం మీద అంకెలు ఎవరో గుప్పెట్లో పట్టి చల్లినట్టు ఉంటాయి. 32 పక్కన 15, ఆ పక్కన 19, తర్వాత 4. పందేలు కాసే గుడ్డ మీద మాత్రం అవే అంకెలు 1 నుంచి 36 దాకా వరుస తప్పకుండా ఉంటాయి. మరి చక్రం మీద ఎందుకీ గందరగోళం? ఆ వరుసను ఒక కాగితం మీద రాసుకుని చూస్తే అది గందరగోళం కానే కాదని తెలుస్తుంది.

యూరప్ చక్రంలో 37 గడులు. ఆకుపచ్చగా ఉండేది సున్నా ఒక్కటే. అక్కణ్ణుంచి గడియారం ముల్లు తిరిగే వైపు వెళ్తే ఎరుపు, నలుపు ఒకదాని తర్వాత ఒకటి వస్తాయి. ఇది అందరికీ కనిపించేదే. కాస్త నిదానించి చూస్తే 18 దాటిన పెద్ద అంకెలూ, 18 లోపు చిన్న అంకెలూ కూడా ఒకటి విడిచి ఒకటి వస్తుంటాయి. దాంతో మొదటి సగంలో ఎర్రవన్నీ పెద్దవి, నల్లవన్నీ చిన్నవి. ఆ సగం 10 దగ్గర ముగుస్తుంది. దాని పక్కనే 5. రెండు చిన్న అంకెలు పక్కపక్కన కూర్చున్న చోటు చక్రం మొత్తంలో ఇదొక్కటే. అక్కణ్ణుంచి వ్యవహారం తలకిందులవుతుంది: ఎర్రవి చిన్నవి, నల్లవి పెద్దవి. సున్నాకు సరిగ్గా ఎదురుగా ఉండేది ఈ 10కీ 5కీ మధ్యనున్న అడ్డుగోడే. అంతేకాదు, సరి అంకెలు గానీ బేసి అంకెలు గానీ వరుసగా మూడు ఎక్కడా రావు. రంగు, పెద్దా చిన్నా, సరీ బేసీ అనే మూడు రకాల పందేలనూ ఒకే వలయంలో ఇంత సమంగా కలిపినవారి ఓపికకు దండం పెట్టాలి.

37 బేసి సంఖ్య కాబట్టి ఈ చక్రంలో ఏ గడికీ నేరుగా ఎదురుగా మరో గడి ఉండదు, అడ్డుగోడే ఉంటుంది. అమెరికా చక్రంలో రెండో సున్నా, అంటే 00 కూడా ఉండటంతో గడులు 38 అయ్యాయి, ప్రతి గడికీ ఒక ఎదురుగడి దొరికింది. అక్కడి అమరికంతా ఆ జతల మీదే నడుస్తుంది. 0కి ఎదురుగా 00, 1కి ఎదురుగా 2, 27కి ఎదురుగా 28. ప్రతి బేసి అంకెకూ ఎదురుగా దాని తర్వాతి సరి అంకె, అదీ వేరే రంగులో. ఈ పొందిక కోసం ఇంకొకటి వదులుకోవాల్సి వచ్చింది. పెద్దవీ చిన్నవీ ఒకటి విడిచి ఒకటి రావడం పోయి, 26, 30 తర్వాత 11, 7 అన్నట్టు చాలాచోట్ల రెండేసి కలిసి వస్తాయి. రెండింట్లో నాకు యూరప్ అమరికే అందంగా తోస్తుంది.

అయితే దోషం లేని చక్రం మీద అంకెల వరుసకూ డబ్బుకూ సంబంధం లేదు. డబ్బంతా ఆకుపచ్చ గడుల్లోనే ఉంది. ఒకే అంకె మీద కాసి గెలిస్తే రూపాయికి 35 రూపాయల లాభం. గడులు 36 మాత్రమే ఉంటే అది సరైన ధర. యూరప్ చక్రంలో అన్ని గడుల మీదా రూపాయి చొప్పున 37 కాస్తే చేతికొచ్చేది 36. అంటే క్యాసినో వాటా 2.7 శాతం. అమెరికా చక్రంలో 38 కాసినా వచ్చేది 36 రూపాయలే కాబట్టి వాటా 5.26 శాతానికి పెరుగుతుంది. అక్కడే 0, 00, 1, 2, 3 కలిపి కాసే అయిదంకెల పందెంలో అది 7.89 శాతం, ఆ చక్రం మీద అన్నిటికంటే చెడ్డ బేరం. ఫ్రాన్స్ పద్ధతిలో ఎరుపు, నలుపు లాంటి పందేలకు సున్నా పడినప్పుడు సగం తిరిగిచ్చేస్తారు. అందువల్ల వాటా 1.35 శాతానికి దిగుతుంది.

రెండు సున్నాలు అమెరికా వాళ్ల దురాశ అని చాలామంది అనుకుంటారు. నిజానికి 18వ శతాబ్దం చివర్లో పారిస్‌లోని పాలే రాయాల్‌లో తిరిగిన చక్రానికే రెండూ ఉన్నాయి. 1837 చివరికల్లా ఫ్రాన్స్ జూదశాలలను మూయించింది. ఫ్రాన్స్వా, లూయీ బ్లాన్ సోదరులు జర్మనీలోని బాడ్ హోంబుర్గ్ చేరి, 1843లో అక్కడి చక్రం నుంచి ఒక సున్నాను తీసేశారు. వాటా తగ్గించుకుంటే జనం పెరుగుతారన్నది వాళ్ల లెక్క. 1863లో ఫ్రాన్స్వా మాంటెకార్లో క్యాసినోను చేతిలోకి తీసుకున్నాక యూరప్‌లో ఆ చక్రమే స్థిరపడింది. అమెరికా పాత చక్రంతోనే ఉండిపోయింది. 2016లో లాస్‌వేగాస్‌లో మూడో ఆకుపచ్చ గడి కూడా వచ్చింది. 39 గడులకు వాటా 7.69 శాతం.

1913 ఆగస్టు 18న మాంటెకార్లోలో బంతి వరుసగా 26 సార్లు నలుపులో పడింది. అది 13.7 కోట్లలో ఒక వంతు అవకాశం. ఇక ఎరుపు రావాల్సిందేనని కాసినవాళ్లంతా మునిగారు. చక్రానికి జ్ఞాపకం లేదు.

చక్రానికి జ్ఞాపకం లేకపోయినా అరుగుదల ఉంది. ఇరుసు కాస్త వంగినా, ఒక అడ్డుగోడ వదులైనా బంతి కొన్ని గడుల వైపు మొగ్గుతుంది. ఆ మొగ్గు అంకెల క్రమాన్ని చూడదు, ఇరుగుపొరుగును చూస్తుంది. కాగితం మీద కేవలం అందంగా కనిపించిన అమరికకు ఇక్కడ ప్రాణం వస్తుంది. 19వ శతాబ్దంలో ఇంగ్లండ్‌కు చెందిన జోసెఫ్ జాగర్ గుమాస్తాలను పెట్టి మాంటెకార్లో చక్రాల ఫలితాలు రాయించి, మొగ్గు ఉన్న చక్రాన్ని పట్టుకున్నాడు. 1947లో ఆల్బర్ట్ హిబ్స్, రాయ్ వాల్‌ఫోర్డ్ అనే ఇద్దరు విద్యార్థులు అమెరికాలోని రెనోలో ఇదే పని చేశారు.

ఎంఐటీలో ఎడ్వర్డ్ థోర్ప్, సమాచార సిద్ధాంతాన్ని నిర్మించిన క్లాడ్ షానన్ దోషం కోసం వెతకలేదు, కదలికనే కొలిచారు. చక్రం ఒకవైపు తిరుగుతుంటే బంతిని రెండో వైపు విసురుతారు. విసిరిన తర్వాత కూడా కొద్దిసేపు పందేలు తీసుకుంటారు. ఆ వ్యవధి వాళ్లకు చాలింది. 1961లో సిగరెట్ పెట్టె అంత కంప్యూటర్, అందులో 12 ట్రాన్సిస్టర్లు. బూటులో కాలివేలితో మీట నొక్కి బంతి, చక్రం ఒక గుర్తును దాటే సమయాలు అందిస్తే, చెవిలో ఒక స్వరం వినిపించేది. ఎనిమిది స్వరాలు, చక్రం మీద ఎనిమిది భాగాలు, ఒక్కో భాగంలో అయిదేసి అంకెలు. క్యాసినోకు వాటా పోవడానికి బదులు, ఆడేవాళ్లకే 44 శాతం లాభం వస్తుందని లెక్క తేలింది. కానీ లాస్‌వేగాస్‌లో చెవి దగ్గరి సన్నని తీగలు పదేపదే తెగిపోయి పెద్ద పందేలు కాయలేకపోయారు. శరీరం మీద ధరించిన మొదటి కంప్యూటర్‌గా మాత్రం అది చరిత్రలో నిలిచింది.

1985లో నెవడా రాష్ట్రం ఇలాంటి పరికరాలను నిషేధించింది. చక్రం కూడా మారింది. గడుల మధ్య అడ్డుగోడలు పొట్టివయ్యాయి కాబట్టి బంతి పడిన చోట ఆగకుండా ఇంకొన్ని గంతులేస్తుంది. అయినా 2012లో మైకేల్ స్మాల్, చి కాంగ్ త్సే 'కేయాస్' పత్రికలో కొలతలతో చూపించారు: సాదా పరిశీలనతోనే కనీసం 18 శాతం లాభం సాధ్యమని, బల్ల రవ్వంత ఒకవైపు వాలి ఉంటే అది చాలా పెరుగుతుందని. చక్రం కింద రసమట్టం పెట్టి చూసుకోవడం క్యాసినోకు తప్పనిసరి పని.