రెండు ఫైళ్లు, ఒక్కరే బిడ్డ



అడ్మిషన్ ఫారంలో ‘ఆరోగ్య సమస్యలు’ అనే గడి ఉంటుంది. చాలామంది అక్కడ ‘నిల్’ అని రాసేస్తారు. గతంలో నా క్లాసులో ఒక అబ్బాయి వారం రోజులు కుంటుతూ వచ్చాడు. అడిగితే ‘ఏం లేదు మేడమ్’ అనేవాడు. హోంవర్క్ కూడా చేయడం లేదు కాబట్టి బద్ధకం అనుకున్నాను. అతనికి హీమోఫీలియాతో పాటు డిప్రెషన్ కూడా ఉందని తర్వాత తెలిసింది. ఫారంలో మాత్రం ‘నిల్’.

హీమోఫీలియా అంటే రక్తం గడ్డకట్టడానికి అవసరమైన ప్రోటీన్ పుట్టుకతోనే తక్కువగా ఉండటం. ఫ్యాక్టర్ 8 తక్కువైతే హీమోఫీలియా ఏ, ఫ్యాక్టర్ 9 తక్కువైతే హీమోఫీలియా బి. చర్మం మీద చిన్న గీత పడితే అంత భయం లేదు. కీళ్లలో, కండరాల్లో, తలలో కనిపించకుండా కారే రక్తమే ప్రమాదం.

ఇలాంటి పిల్లలకు టీనేజీలో తీవ్రమైన డిప్రెషన్, బైపోలార్ వంటి జబ్బు తోడైతే ఇంట్లో రెండు ఫైళ్లు తయారవుతాయి. ఒకటి హెమటాలజిస్టుకి, రెండోది సైకియాట్రిస్టుకి. ‘నలుగురూ ఏమనుకుంటారో’ అని ఒకచోటి సంగతి రెండోచోట చెప్పరు. చెప్పి తీరాలి. ఎందుకంటే:

• డిప్రెషన్‌కు వాడే ఫ్లూఓక్సెటిన్, సెర్ట్రాలిన్ వంటి మందులు ప్లేట్‌లెట్ల పనిని కొంత తగ్గిస్తాయి.
• బైపోలార్‌కు వాడే వాల్‌ప్రోయేట్ కొందరిలో ప్లేట్‌లెట్ల సంఖ్యనే తగ్గిస్తుంది.
• కొన్ని మానసిక వ్యాధులకు నెలకోసారి ఇచ్చే ఇంజెక్షన్ కండరంలోకి వేస్తారు. హీమోఫీలియా ఉంటే అక్కడ లోపల రక్తం చేరవచ్చు.
• మనసు బాగాలేని పిల్లలు ఫ్యాక్టర్ ఇంజెక్షన్ ఎగ్గొట్టవచ్చు, మోకాలు వాచినా చెప్పకపోవచ్చు.

ఇది చదివి మందులు మాత్రం ఆపేయకండి. హఠాత్తుగా ఆపితే జబ్బు తిరగబెట్టవచ్చు. ఇద్దరు డాక్టర్లకూ రెండు ఫైళ్లూ చూపిస్తే తగిన మందు వాళ్లే ఎంచుకుంటారు. నొప్పులకు ఆస్పిరిన్, ఐబుప్రొఫెన్ సొంతంగా ఇవ్వకండి. తలకు దెబ్బ తగిలితే పైకి బాగానే ఉన్నా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి. ‘నాకు బతకాలని లేదు’ అన్న మాట వినిపిస్తే తిట్టకండి, ఒంటరిగా వదలకండి, ఆ రోజే డాక్టరుకు చూపించండి. ప్రభుత్వ టెలీ మానస్ నంబరు 14416కు ఏ వేళలోనైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు.

2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం జాబితాలో హీమోఫీలియా, మానసిక వ్యాధి రెండూ ఉన్నాయి. రెండూ సిగ్గుపడాల్సినవి కావు.

వచ్చే పేరెంట్స్ మీటింగ్‌కి ఒక కాగితం తెచ్చివ్వండి: జబ్బుల పేర్లు, వాడుతున్న మందులు, ఇద్దరు డాక్టర్ల నంబర్లు, అత్యవసరమైతే ఏ ఆసుపత్రికి వెళ్లాలో. క్లాసులో అందరి ముందూ వద్దనుకుంటే క్లాస్ టీచర్‌తో విడిగా మాట్లాడండి. మాకు తెలిస్తే కుంటుతున్న పిల్లవాణ్ణి బద్ధకస్తుడు అనుకోము.