ఎండోస్పోర్
గొర్రెలకు ఆంత్రాక్స్ సోకిందన్న వార్తల్లో తరచూ కనిపించే మాట ఇది. తిండి కరవైనప్పుడు కొన్ని బ్యాక్టీరియాలు తమ లోపలే తయారుచేసుకునే గట్టి నిద్రాణ కణమే ఎండోస్పోర్.

ముందుగా కణం ఒక చివర అడ్డుగోడ కట్టుకుని రెండుగా చీలుతుంది. పెద్ద భాగం, అంటే తల్లికణం, చిన్నదాన్ని పూర్తిగా మింగేస్తుంది. దాంతో చిన్న కణం చుట్టూ రెండు పొరలు ఏర్పడతాయి. గోడల నిర్మాణమంతా వాటి మధ్యే. లోపలివైపు పలుచని గోడ, దానిపై కార్టెక్స్ అనే మందపాటి గోడ. రెండింటికీ ముడిసరుకు పెప్టిడోగ్లైకానే అయినా, కార్టెక్స్‌లో అల్లిక వదులు. కొన్ని చక్కెర అణువుల రూపమూ మారి ఉంటుంది. మొలకెత్తే వేళ ఎంజైములు ఆ తేడాను గుర్తుపట్టి కార్టెక్స్‌నే కరిగిస్తాయి. లోపలి గోడ జోలికి పోవు, కొత్త కణానికి అదే గోడ కావాలి మరి. ఎంత పకడ్బందీ ఏర్పాటు! పైన ప్రోటీన్ల తొడుగు పడ్డాక తల్లికణం పగిలిపోతుంది.

మరిగించినా, ఆల్కహాల్ శానిటైజర్ రాసినా ఇవి చావవు. ఆస్పత్రి పరికరాలను ఆటోక్లేవ్‌లో 121 డిగ్రీల సెల్సియస్ ఆవిరిలో ఉంచేది అందుకే. స్కాట్లాండ్‌లోని గ్రునార్డ్ దీవిలో 1942లో ఆంత్రాక్స్ స్పోర్లతో ప్రయోగాలు జరిగితే, అది సురక్షితమని ప్రకటించింది 1990లో. ఆంత్రాక్స్‌తో చనిపోయిన పశువును కోయొద్దని పశువైద్యులు గట్టిగా చెబుతారు. గాలి తగిలితే రక్తంలోని బ్యాక్టీరియా స్పోర్లుగా మారి, మట్టిలో ఏళ్ల తరబడి ఉండిపోతుంది.