దొంగ రేడియో జాడ ఎలా తెలుస్తుంది?

ఎందుకు వెతకాలి?
సికింద్రాబాద్ దగ్గర్లో బేగంపేట విమానాశ్రయం, హకీంపేట వైమానిక దళ స్థావరం ఉన్నాయి. అనుమతి లేని ట్రాన్స్‌మిటర్ ఏదైనా పైలట్ల ఫ్రీక్వెన్సీలోకి చొరబడితే వాళ్ల మాటలు వినబడవు. అది ప్రమాదం. ఇలాంటి వాటిని పట్టుకోవడానికి కేంద్ర ప్రభుత్వానికి 1952 నుంచి వైర్‌లెస్ మానిటరింగ్ ఆర్గనైజేషన్ ఉంది.

యాంటెన్నా తిప్పకుండా దిక్కు ఎలా తెలుస్తుంది?
చప్పుడు ఏ వైపు నుంచి వచ్చిందో తల తిప్పకుండానే చెప్పగలం కదా! అది రెండు చెవులకూ కొద్ది తేడాతో చేరుతుంది. ఇక్కడా అంతే. కదలని యాంటెన్నాలను వలయంగా నిలబెడతారు. తరంగం ముందు దగ్గరి యాంటెన్నాను, తర్వాత దూరపుదాన్ని తాకుతుంది. రేడియో తరంగం సెకనుకు సుమారు 3 లక్షల కిలోమీటర్లు వెళ్తుంది. కాబట్టి మీటరు ఎడానికి తేడా సెకనులో 30 కోట్లవ వంతే! అంత చిన్న కాలాన్ని నేరుగా కొలవడం కష్టం. అందుకే తరంగపు ఎత్తుపల్లాలు ఒక్కో యాంటెన్నా దగ్గర ఎంత ముందువెనకలుగా ఉన్నాయో రిసీవర్ పోల్చి, దిక్కు లెక్కగడుతుంది.

రెండే యాంటెన్నాలు చాలవా?
చాలవు. రెండింటినీ కలిపే గీతకు తరంగం ఇటువైపు నుంచి వచ్చినా అటువైపు నుంచి వచ్చినా తేడా ఒకేలా ఉండొచ్చు. అందుకే కనీసం మూడు కావాలి.

మరి ట్రాన్స్‌మిటర్ ఉన్న చోటు ఎలా తెలుస్తుంది?
ఇలాంటి యాంటెన్నాలున్న ఒక కేంద్రం దిక్కు మాత్రమే చెబుతుంది. తిరుమలగిరిలో ఒకటి, మౌలాలి గుట్టపై మరొకటి ఉన్నాయనుకుందాం. మొదటిది దక్షిణమని, రెండోది నైరుతి అని చూపిస్తే, మ్యాపుపై ఆ గీతలు సికింద్రాబాద్ రైల్వే స్టేషన్ ప్రాంతంలో కలుస్తాయి. భవనాలకు తగిలి తిరిగొచ్చే తరంగాలు తప్పుదారి పట్టించవచ్చు. కాబట్టి మూడో కేంద్రంతో సరిచూసుకోవడం మంచిది.