అందరికీ అందే పాఠం

మైదానం ముగిసి తూర్పు కనుమలు మొదలయ్యే చోట నర్సీపట్నం ఉంది. 2022లో ఏర్పడిన అనకాపల్లి జిల్లాలోని ఈ పట్టణం మీదుగానే చింతపల్లి మన్యానికి దారి సాగుతుంది. ఇటువంటి ఊరి తరగతి గదిలో తెలుగు మాట్లాడే పిల్లల పక్కనే కువి, ఆదివాసీ ఒడియా మాట్లాడే ఇళ్ల పిల్లలు కూర్చోవచ్చు. వినికిడి తక్కువైన బాలుడు, నల్లబల్ల మీది అక్షరాలు కనిపించని బాలిక కూడా వారిలో ఉండవచ్చు. కొత్తగా ఉద్యోగంలో చేరిన ఉపాధ్యాయునికి ఎదురయ్యే తొలి ప్రశ్న ఇదే: పాఠం ఎవరి కోసం?

చెప్పగానే గ్రహించే నలుగురి కోసమే అయితే పని సులభం. మిగిలినవారిని 'మొద్దులు' అనే ఒక్క మాటతో తోసివేయవచ్చు. కాని ఆ మాట పడిన పిల్లవాడు మొదట వెనుక బెంచీకి, తరువాత బడి బయటికి చేరుకొనే ప్రమాదం ఉంది. పిల్లలందరూ ఒకే గదిలో, ఎవరి అవసరానికి తగిన సహాయంతో వారు నేర్చుకొనే పద్ధతిని సహిత విద్య అంటారు. పాఠం అందకపోతే లోపాన్ని పిల్లవానిలో కాక, అందించిన తీరులో వెతకాలన్నది దాని మూలసూత్రం.

ఈ దృష్టి తెలుగువారికి కొత్తది కాదు. నేడు ఒడిశాలో ఉన్న పర్లాకిమిడిలో 1880లో ఉపాధ్యాయునిగా చేరిన గిడుగు వేంకట రామమూర్తి, సమీపపు కొండలలోని సవరల స్థితిని గమనించారు. వారికి తెలుగు రాదని నిందించలేదు. తామే సవర భాష నేర్చుకొన్నారు. ఆ భాషలో వాచకాలు రచించి, సవర పిల్లలకు బడులు నెలకొల్పారు. గురువే ముందుగా శిష్యుడయ్యారు. ఆంధ్రప్రదేశ్‌లో 2004లో 8 గిరిజన భాషలలో ఆరంభమైన బహుభాషా విద్యా కార్యక్రమం ఈ బాటలోనిదే.

2010లో అమలులోకి వచ్చిన విద్యాహక్కు చట్టం 6 నుండి 14 సంవత్సరాల పిల్లలకు ఉచిత నిర్బంధ విద్యను హక్కుగా చేసింది. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించి, సహిత విద్యకు బలం చేకూర్చింది. అయితే చట్టం పిల్లవానిని బడి గుమ్మం వరకే తేగలదు. అక్కడి నుండి పాఠంలోకి నడిపించవలసినవాడు ఉపాధ్యాయుడే.

అందుకు పెద్ద ఖర్చు అక్కరలేదు. నల్లబల్ల వైపు కాక పిల్లల వైపు తిరిగి మాట్లాడితే వినికిడి తక్కువైనవాడు పెదవుల కదలికను గమనించగలడు. రాసినదాన్ని పైకి చదివితే చూపు మందగించిన బాలిక అనుసరించగలదు. 'దీన్ని మీ ఇంట్లో ఏమంటారు?' అని అడిగితే అంతవరకు మౌనంగా ఉన్న కొండపిల్ల తరగతికే ఒక కొత్త మాట నేర్పుతుంది.

ఇందువల్ల చురుకైనవారు వెనుకబడతారని కొందరి సందేహం. నిజానికి తోటివానికి విడమరచి చెప్పేవానికే విషయం మరింత దృఢంగా బోధపడుతుంది. సమానత్వమంటే అందరికీ ఒకే కొలత పెట్టడం కాదు. ఎవరికి ఎంత అవసరమో అంత అందించడం. చివరి బెంచీకి చేరిన పాఠమే తరగతి అంతటికీ చేరిన పాఠం.